వన్ బై టూ చాయ్ సారు

మా డిపో కంట్రోలర్ సారు పోయిండని మొన్న పొద్దుగాల తెల్సింది. మట్టికి పోయొచ్చిన. ఏడుపు రావాలె గదా, ఆయన పెట్టిన సతాయింపే ముందుగాల యాదికొచ్చింది.

డెబ్బైలల్ల నేను వరంగల్ల బస్సు కండక్టర్ను. ఇప్పుడు ఆఫీసులల్ల మనుషుల టెన్షన్ కొలిచేటందుకు కాయితాలు నింపిస్తాండ్రట, మా మనుమరాలు చెప్పింది. మా సారుకు కాయితాలెందుకు? డ్యూటీ ఎక్కేముందు డ్రైవర్, కండక్టర్ ఆయన ముంగట నిలబడి వన్ బై టూ చాయ్ తాగాలె. ఒక్క చాయ్ పంచుకోలేనోళ్లు బస్సెడు మంది పాణాలను ఏం మోస్తరు అనేటోడు. ఎవలన్న విడిగ చాయ్ చెప్పిండ్రా, వాళ్ల బండి ఆగినట్టే. జేబుల పైసలుండి గూడ ఫుల్ చాయ్ తాగనియ్యని డిపో లోకంల యాడన్న ఉంటదా, మీరే చెప్పుండ్రి.

ఒకపారి నాకు, మా డ్రైవరన్నకు చెడ్డది. విజిల్ లేటుగ ఊదిననని అన్న నన్ను ప్యాసింజర్ల ముంగట తిట్టిండు. వారం సంది మాటల్లేవు. ఆ పొద్దు మాకు వర్ధన్నపేట డ్యూటీ పడ్డది. అక్కడ మా అమ్మ జరంతోటి మంచం పట్టిందని కబురొచ్చింది. ఎప్పుడు పోయి చూద్దునా అని నా పాణం కొట్టుకుంటాంది. డ్రైవరన్న పోయి ఫుల్ చాయ్ చెప్పిండు. సారు మా డ్యూటీ కార్డు జేబుల పెట్టుకొని నిమ్మలంగ కూసున్నడు.

నాకు కాలింది. అమ్మకు పాణం బాగలేదు, మీ చాయ్ మీ దగ్గర్నే ఉంచుకోండ్రి అని ఒర్రిన.

సారు నా దిక్కే చూడలే. డ్రైవర్ను అడిగిండు.

"ఈ సంగతి నీకెరుకేనా?"

"లేదు సార్" అన్నడు డ్రైవరన్న. నా దిక్కు తిరిగి, "నాకు చెప్పొద్దారా?" అన్నడు. తన గ్లాసుల సగం నాకు వంచిండు.

అట్ల పంచుకున్నంకనే కార్డిచ్చిండు సారు. అది చాలదన్నట్టు, లేటెందుకైందని తెల్లారి మాకే మెమో ఇచ్చిండు. గసొంటి మనిషి.

వర్ధన్నపేటకు పోయేసరికి అమ్మకు సోయి లేదు. డ్రైవరన్న బస్సు ఆపి, నాకంటె ముందు ఇంట్లకురికిండు. ఇద్దరం ఎత్తుకొచ్చి బస్సెక్కించినం. ఆ పొద్దే తెచ్చిండ్రు గనుక బతికిందన్నరు వరంగల్ దవాఖానల. డ్రైవరన్నకు చెప్పకపోతే బస్సెవలు ఆపుదురు? సారూ, నిన్ను తిట్టుకుంటనే దండం పెడుతాన.

ఆ వాపసు ట్రిప్పు ఇంకా నా కండ్లల్లనే ఉన్నది. గుంతొచ్చిన కాడల్ల అమ్మ మూలుగుతాంది. డ్రైవరన్న బస్సును గుంతలల్ల ఎంత మెల్లగ దించిండంటే, సైకిలోళ్లు గూడ మమ్ములను దాటిపోయిండ్రు. బస్సు నిండ మంది. ఒక్కరు గూడ జల్ది పోనియ్యమనలే.