అందరి నాన్నలూ హెడ్మాస్టర్లే

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. మేడ్చల్ బస్టాండు వెనక ఒక మేడ మీద ఒక సారు ఇంగ్లిష్ నేర్పేవారు. కోస్తా నుంచి వచ్చి యాప్రాల్‌లో ఇల్లు కట్టుకున్న మనిషి. శామీర్‌పేట నుంచి రోజూ బస్సెక్కి ఆయన దగ్గరికి వెళ్లేదాన్ని. మా ఊరి పక్కన కొత్తగా కట్టిన రిసార్టులో ఫోన్లెత్తే ఉద్యోగం మీదే నా ప్రాణమంతా. మా ఇంట్లో అప్పటిదాకా నెలజీతం మొహం చూసినవాళ్లు లేరు.

'సిన్స్' ఎక్కడ, 'ఫర్' ఎక్కడ, 'ఐ సా' అనాలా 'ఐ హావ్ సీన్' అనాలా, ఒక్కటీ బుర్రకెక్కి చచ్చేది కాదు. అడిగితే సారు, "అవన్నీ నీకెందుకమ్మాయ్? ముందు సెల్ఫ్ ఇంట్రడక్షన్ కంఠతా పట్టు" అనేవారు. బోర్డు మీద రాసింది చేతులు కట్టుకుని అప్పజెప్పాలి, అంతే. అందులో నాన్న రిటైర్డ్ హెడ్మాస్టరు, అమ్మ గృహిణి.

"మా బాపు చెరువుల చేపలు పడతడు సార్" అన్నాను ఒకసారి.

"మాట మార్చావంటే గ్రామరు తప్పుతావు. రాసింది రాసినట్టు చెప్పు."

గ్రామరంటే నాకసలే హడల్. రాసిందే అప్పజెప్పాను.

ఇంటర్వ్యూకి మా క్లాసు నుంచి నలుగురం వెళ్లాం. నా వంతు చివరిది. గదిలో ఒక మేడమ్ కూర్చుని ఉంది. నేను "మై ఫాదర్ ఈజ్" అన్నానో లేదో, "రిటైర్డ్ హెడ్మాస్టర్" అని ఆవిడే పూర్తి చేసింది.

"పొద్దున్నుంచి నువ్వు నాలుగోదానివమ్మా. మీ అందరి నాన్నలూ హెడ్మాస్టర్లేనా?" అంది. నవ్వనైనా నవ్వలేదు. "బట్టీ వద్దు. మీ నాన్నగారు నిజంగా ఏం చేస్తారో ఇంగ్లిష్‌లో చెప్పు. తప్పులొచ్చినా ఫర్వాలేదు."

"హీ" అన్నాను. తర్వాత 'గోస్' అనాలా, 'ఈజ్ గోయింగ్' అనాలా? నోరు పెగల్లేదు. బాపు వల భుజానేసుకుని చీకట్లో వెళ్లేది తెలుసు, నీటి రంగు చూసి చేప ఎటుందో చెప్పేది తెలుసు, పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మనిషి. అలాంటి మనిషి గురించి నా దగ్గర ఒక్క వాక్యం లేదు! అన్ని నెలలు ఏం నేర్చుకున్నట్టు నేను? ఆ సారు మీద ఒళ్లు మండిపోయింది. మేడమ్ కాసేపు చూసి, "సరే, వెళ్లిరామ్మా" అంది. ఉద్యోగం పోయిందని ఆ గొంతులోనే తెలిసింది.

గేటు బయట బాపు సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమడిగిన్రు బిడ్డా?"

"నీ గురించే అడిగిన్రు బాపు."

"నా గురించా?" అని నమ్మలేనట్టు చూశాడు. "గంత పెద్దోళ్లు నా ముచ్చట అడిగిన్రా? మరి జెప్పినవా?"

"జెప్పిన" అన్నాను. ఇంకేమనను?

నన్ను సైకిల్ వెనక ఎక్కించుకున్నాడు. దారిలో ఎదురైన వాళ్లనల్లా ఆపి మరీ చెప్పాడు: "మా బిడ్డ నా ముచ్చటంత ఇంగ్లీషుల జెప్పొచ్చింది."