చెల్లెలి పెంపకం

ప్రయోగశాలలో ఆమె పని క్యాన్సర్ కణాలను మేపడం. పోషకద్రవం సీసాను అరచేతుల మధ్య వెచ్చబెట్టి మరీ పోస్తుంది. పాడి ఆవును సైతం అంత ముద్దుగా మేపేవాళ్ళు ఏ ఊళ్ళోనూ కనబడరు. ఆ కణాల్లో ఒక ప్రొటీన్ జన్యువుల నెత్తిన కూర్చుని, పెరగమని ఆజ్ఞలిస్తూనే ఉంటుంది. దాని నోరు మూయించే మందును ఆ కణాల మీద పరీక్షించడానికే ఈ సేవంతా. ఇప్పుడు గాజుపళ్ళెంలో ఉన్నవి సొంత అక్క రొమ్ములోంచి తీసిన గడ్డవి. సాయంత్రం ఆసుపత్రికి వెళితే, అదే మందు ఎక్కించుకుంటున్న అక్క అడిగింది: "ఏమే, నా ముక్క ఎలా ఉంది?"

"అబ్బ, మొండిఘటమక్కా. ఎంత మందు పోసినా చావట్లేదు," అంది, మెరిసే కళ్ళతో.

అక్క తన చేతికున్న సూది వైపు చూసుకుంది. "ఎలా చస్తుందే, నీ పెంపకమాయె."

మర్నాడు వాచిన కళ్ళతోనే ఆమె సీసాను అరచేతుల్లో వెచ్చబెట్టి, కణాలకు వేళకే మేత పోసింది.