మల్కాపురంలో చప్పుడు లేని ఆట

అంగన్‌వాడీలను ప్రాథమిక బడుల్లో కలిపాక చిన్నపిల్లల ఆటలు ఎలా సాగుతున్నాయో చూడాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. రాజమండ్రిలో అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ ఇవ్వడం నా పని. మల్కాపురంలో పనిచేసే కరుణ నా దగ్గర నేర్చుకున్న అమ్మాయే. "ఒకసారి రండి మేడమ్, ఫోన్లో చెప్పేది కాదు," అంది.

పొద్దున్నే రైలెక్కాను. తుని దాటాక ఇడ్లీ తిన్నాను, చట్నీ పులిసింది. మధ్యాహ్నానికి విశాఖలో దిగి, స్టేషన్ ఎదుట భోంచేసి, పోర్టు మీదుగా గాజువాక వెళ్లే సిటీ బస్సు పట్టుకున్నాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు సున్నా టికెట్టు.

పక్క సీట్లో ఖాళీ చేపల గంపతో ఒకామె కూర్చుంది. ఎక్కడికని అడిగితే, మల్కాపురంలో పట్టాల పక్క సందులో అంగన్‌వాడీకని చెప్పాను.

"ఆ సందులో అంగన్‌వాడీ ఏటుందమ్మా? తాళమేసీసినారు కదా," అంది. గంప ఒళ్లోకి లాక్కుని, "పిల్లల కేకలు మాత్రం ఇనబడతన్నాయంటారు. నాను ఇన్నేదు," అని కిటికీ వైపు తిరిగింది.

మల్కాపురంలో దిగేసరికి గాలి నిండా రిఫైనరీ వాసన. కరుణ ఎదురొచ్చింది. కేంద్రంతోపాటు ఆమెనూ మెయిన్ రోడ్డు అవతలి బడికి మార్చారు. రైలు పట్టాల పక్క సందులోకి తీసుకెళ్లింది. పాత కేంద్రం గోడ మీద రంగుల పువ్వులు అలాగే ఉన్నాయి. ముందు తలుపుకు తాళం. లోపల అలికిడి లేదు. కరుణ వెనక తలుపును వేలితో తట్టింది.

కిటికీలకు దుప్పట్లు కట్టిన మసక గదిలో పదిమంది దాకా పిల్లలు. అందరూ కదలకుండా నన్నే చూస్తున్నారు. ఒక పాప ఎత్తిన చేయి అలాగే ఆగిపోయింది.

"ఆపీసరమ్మ కాదర్రా, మన టీచరు గారి మేడమ్," అంది పాత ఆయా పైడమ్మ.

ఆట మళ్లీ మొదలైంది. గుడ్డబంతి విసురుకుంటున్నారు, పడి లేస్తున్నారు, నోరంతా తెరిచి నవ్వుతున్నారు. శబ్దం మాత్రం లేదు.

"బడిలో సిన్నోల్ని మద్దేన్నానికి ఒగ్గేత్తారు. మూడేళ్లు నిండనోల్ని సేర్సుకోరు. తల్లులు రొయ్యల షెడ్డు నించి సాయంత్రం గాని రారు," అని పైడమ్మ మెల్లగా చెప్పింది. "ఈ గది కాళీ సేసీసినామని కరుణమ్మ సంతకం పెట్టింది. కేకలు ఇని ఎవులో పిర్యాదు సేసినారు. మల్లీ ఇనబడితే ఆమె ఉజ్జోగం పోద్ది."

అంతలో నేల అదిరింది. గూడ్సు బండి వస్తోంది. పిల్లలంతా ఒక్కసారిగా లేచి గొంతు చించుకుని అరవసాగారు. కేకలు, పాటలు, పగలబడే నవ్వులు. ఒక పిల్లాడు తన పేరే అరుస్తున్నాడు. ఆఖరి పెట్టె దాటగానే అన్ని నోళ్లూ ఒకేసారి మూతపడ్డాయి.

"మీరు నేర్పారా?" అని పైడమ్మను అడిగాను.

"నేదమ్మా. ఆల్లే నేర్సుకున్నారు."

కరుణతో కలిసి బడికి వెళ్లాను. మధ్యాహ్నం తర్వాత ఒక గది, పైడమ్మకు అక్కడ పని అడిగాం. హెడ్మిస్ట్రెస్ మంచావిడే, ఖాళీ గది కూడా చూపించారు. "ఆర్డర్లో మధ్యాహ్నం దాకానే ఉందండీ. ఆ తర్వాత ఏ పిల్లకి ఏమైనా నాదే బాధ్యత," అన్నారు. అర్జీ రాసిస్తే తీసుకున్నారు. పైకి పంపుతానన్నారు.

సాయంత్రం తిరుగు రైల్లో సీటు దొరికింది. ఆర్డర్లో రాయని వేళల్లో కూడా పిల్లలు ఎక్కడో ఒకచోట ఉంటారన్న సంగతి, ఇన్నేళ్ల శిక్షణలో నేనెప్పుడూ ఆలోచించలేదు. అనకాపల్లి దాటాక ఎదురు సీట్లో రెండేళ్ల పాప తండ్రి కళ్లజోడు లాక్కుని గట్టిగా కేరింత కొట్టింది. చుట్టూ అందరూ నవ్వారు. నేను మాత్రం చప్పున తలుపు వైపు చూశాను, ఎవరైనా విన్నారేమోనని.