ఢిల్లీ నుంచి రెండుంబావు గంటలు

మా వైపు చావు కబురు దూరాన ఉన్నవాళ్లకు నేరుగా చెప్పరు. "జర సీరియస్‌గ ఉంది, జల్ది రా" అంటారు. నాయన పోయిన రోజు నాగపూర్‌లో ఉన్న నాకూ అదే చెప్పారు. నేను నమ్మాను. దారిలో రైలు ఆగిన చోట ఆయన కోసం సంచెడు బత్తాయిలు కొన్నాను. మట్టెవాడలో మా ఇంటి ముందు వేసిన టెంటు కింద ఆ సంచితోనే నిలబడ్డాను. అబద్ధం ఆడిన ప్రతి ఒక్కరినీ ఆ రోజు నోటికొచ్చినట్టు తిట్టాను. ఈ పాడు అలవాటు నాతోనే ఆఖరు కావాలని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

పోయిన ఏడు అమ్మ దవాఖానలో తెల్లవారుతుండగా పోయింది. అక్క ఢిల్లీలో ఉంటుంది. బావ డ్యూటీ మీద ఇంకెక్కడికో పోయాడు కాబట్టి ఆమె ఒక్కతే విమానం ఎక్కాలి.

"నిజం జెప్తె తొవ్వల పిల్లకేమన్న అయితది. సీరియస్ అను, చాలు" అన్నాడు మేనమామ. "పొద్దుగూకకముందే కాటికి తీస్కపోవాలె. ఎన్ని గంటలకొస్తదో అడుగు."

ఒట్టు తీసి గట్టు మీద పెట్టి ఫోను చేశాను.

"అక్కా, అమ్మకు జర సీరియస్ ఉంది. ఏ ఫ్లైటుకు వస్తవ్? ఎన్ని గంటలకు దిగుతవ్?"

తొమ్మిదింటికి ఒకటుందని చెప్పింది అక్క.

"రెండుంబావు గంటలే, తమ్మీ. జర ఫోను అమ్మ చెవికాడ పెట్టు."

వద్దంటే అనుమానపడుతుందని పెట్టాను. "అమ్మా, వస్తాన. రెండుంబావు గంటలే" అని సన్నగా వినబడింది. ఫోను పట్టుకున్న నా వేళ్లకు అమ్మ చెంప ఇంకా వెచ్చగానే తగిలింది.

రెండుంబావు గంటలన్నది ఆకాశం మీద లెక్క. శంషాబాద్‌లో దిగాక కారులో ఇంకో మూడున్నర గంటలు. మామ గడియారం చూసినప్పుడల్లా నేను ఫోను చేశాను. భువనగిరి అంది, జనగామ అంది. అమ్మ ఎట్లుందని మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో తెలియదు, అడగకపోతే అంతకన్నా భయం. కాజీపేట దాటిందనేసరికి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. అప్పటికే అమ్మను ఇంటికి తెచ్చి, నాయనప్పుడు వేసిన చోటే టెంటు వేశారు. అక్క పండ్ల సంచితో దిగుతుందేమో, ఆ సంచి నా చేతికే ఇస్తుందేమో అనుకుని గోడ పక్కకు జరిగాను.

కారు ఆగింది. అక్క చేతులు ఖాళీగా ఉన్నాయి. టెంటు వైపు చూడనైనా చూడకుండా లోపలికి పోయి, అమ్మను ఉంచిన ఫ్రీజర్ బాక్సు అద్దం మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"నీకు తెల్సా, అక్కా?"

"పైలంగ, జాగ్రత్తగ రా అనలేదు నువ్వు. ఎన్ని గంటలకు దిగుతవన్నవ్. గప్పుడే తెల్సింది."

"మరి ఫోను చెవికాడ ఎందుకు పెట్టమన్నవ్?"

"నేను వచ్చేదాంక సల్లగైతది గదరా. గప్పుడింక వెచ్చగుంటదేమో అనుకున్న." అద్దం మీంచి చెయ్యి తీయకుండానే అడిగింది. "ఉండెనా, తమ్మీ?"

"ఉండె" అన్నాను. పొద్దటి నుంచి నేను ఆమెకు చెప్పిన నిజం అదొక్కటే.