అమ్మను పడేసిన సైకిలు యాత్ర

గవర్నర్‌పేటలో నిన్న, సైకిలు ముందు కడ్డీకి బిగించే బుల్లి సీటు చూడగానే నా కాళ్ళు తిమ్మిరెక్కాయి. దాంట్లో పెరిగినవాళ్ళకు తెలుసు కదా, ముందు హ్యాండిలు, వెనక నాన్న పొట్ట, అటూ ఇటూ నాన్న చేతులు. జైల్లోనైనా కాస్త తిరగనిస్తారు. పామర్రు నుంచి కొండపల్లి కొండల దాకా చిన్నప్పటి మా కుటుంబ యాత్ర అలాగే. అమ్మ వెనక క్యారియర్ మీద.

వరిపొలాల మధ్య నాకు ప్రాణం మీదికొచ్చింది.

"ఒంటికొస్తోంది నాన్నా, ఆపవా?"

"ఆపితే మీ అమ్మ దిగి మళ్ళీ ఎక్కాలి. బెజవాడలో ఆపుతాలే, బిగబట్టు."

ఇక లాభం లేదని, "నాన్నా, అమ్మ పడిపోయింది" అన్నాను. సైకిలు టక్కున ఆగింది. నేను దూకి కాలవగట్టు కిందికి పరిగెత్తాను.

"ఇక్కడే ఉన్నాను కదండీ" అంటూ అమ్మ నడుం పట్టుకుని దిగింది.

నాన్న తిట్లు అయ్యాక నన్ను సీట్లో కూర్చోబెడుతూ అమ్మ నా చెవిలో అంది, "ఉయ్యూరు దాటాక మళ్ళీ పడెయ్యరా నన్ను."