కాగితాల్లో లేని కోచ్ మా మునస్వామి సార్

మా గురువర్యులు మునస్వామి సార్ కన్నుమూశారన్న కబురు, సత్యవేడు బడిలో నేను పిల్లల చేత డ్రిల్లు చేయిస్తుండగా వచ్చింది. ఉదయం గుండెల్లో మంటగా ఉందన్నారట. పాకాల నుంచి తిరుపతి ఆసుపత్రికి తీసుకొచ్చారట. వైద్యులు చేయగలిగిందంతా చేశారట. ఆయన సహధర్మచారిణి సంపూర్ణమ్మ గారు ఫోన్లో ఏడవకుండానే చెప్పారు: "మీ సార్ ఎళ్లిపోయినాడప్పా. నువ్వు బిన్నా రా." నేను డ్రిల్లు ఆపించి పిల్లలను తరగతులకు పంపేశాను. ఇంకా మైదానం దాటకముందే చేతిలో ఫోను మళ్లీ మోగింది. ఈసారి వీసా కార్యాలయం నుంచి మెయిలు. దరఖాస్తుదారు మునస్వామి గారి శిక్షణానుభవం గురించి మరికొంత వివరణ కావాలట. గడువులోగా పంపకపోతే దరఖాస్తు మూసేస్తారట.

దుఃఖం కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇది రాస్తున్న ఈ పూట కూడా అదే ముందుంది. సంస్మరణ వ్యాసంలో కోపం ఉండకూడదంటారు పెద్దలు. దీంట్లో ఉంటుంది, పాఠకులు మన్నించాలి.

సార్ వృత్తిరీత్యా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కార్మికుడు. ప్రవృత్తి కబడ్డీ. ప్రాణమూ అదే. పాకాల రైలు కట్ట పక్కన ముళ్లకంప కొట్టి, మట్టిని జల్లెడ పట్టి ఆయన తయారుచేసిన కోర్టులోనే మేమంతా ఆట నేర్చుకున్నాం. కాయల సీజన్లో షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా వచ్చేవారు. చేతులకు తోతాపురి మామిడికాయల జిగురు అలాగే ఉండేది. "అందుకే సార్ పట్టుకుంటే ఎవురూ జారిపోలేరు" అని ఆడపిల్లలు ఎగతాళి చేస్తే ఆయనా నవ్వేవారు. ఆయన బోధన అంతా ఆ మట్టిలోనే. "కూతకు పోయినప్పుడు ఎదుటోళ్ల మొగం సూడొద్దు. మొగం అబద్దమాడతాది. కాలు సూడు" అనేవారు. నేను ఇప్పటికీ మా పిల్లలకు అదే చెబుతాను.

హేమావతి పేరు మీరు విని ఉంటారు. దేశం తరఫున ఆడిన అమ్మాయి. ఆమెను ఆటకు పంపడానికి వాళ్ల నాయన ససేమిరా అన్నాడు. సార్ వాదించలేదు. రోజూ సాయంత్రం వాళ్ల ఇంటికి వెళ్లి అరుగు మీద కూర్చునేవారు. వానల గురించి, వేరుశనగ గురించి మాట్లాడి లేచి వచ్చేసేవారు. అమ్మాయి ఊసే ఎత్తేవారు కాదు. చివరికి ఆ పెద్దాయనే చేతులెత్తేశాడు. "తీసకపో సామీ. నువ్వు ఈడ కూసుంటే మా ఇంట్లో ఆడోళ్లకు కాఫీలు పెట్టేదే పనైపోయింది" అన్నాడు. ఆమె ఆట అలా మొదలైంది.

ఇక్కడ మా ఆటలో ఒక ఆచారం చెప్పాలి. పోటీలకు జట్టు పేర్లు పంపేటప్పుడు కోచ్ అనే గడిలో డిప్లొమా ఉన్నవాడి పేరే రాయాలి. సార్‌కు డిప్లొమా లేదు. అందుకని జిల్లా కబడ్డీ సంఘం వాళ్లు దామోదరం అనే ఆయన పేరు రాసేవారు. ఆయనకు డిప్లొమా ఉంది, ఆట అంతంతమాత్రం. మనిషి మంచివాడే, ఆ మాట అనకపోతే నాకు పాపం. మ్యాచ్‌కు జట్టుతో రైల్లో వెళ్లేది ఆయన, బెంచీ మీద కూర్చునేది ఆయన. విరామంలో ఫోను చెవికి ఆనించుకుని ఆట ఎలా సాగిందో పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఇక్కడ ఫ్యాక్టరీ ప్రహరీ గోడ పక్కన ఒక చెవి మూసుకుని నిలబడి, అంతా విని సార్ చెప్పేవారు: "ఆ పొడుగు పిల్ల ఎడమ కాలు ముందుకేస్తాండాదంటివి గదా. మన మూలన నిలబడే పిల్లను కింద కాలు పట్టమను." దామోదరం అదే మాట పిల్లలకు అప్పజెప్పేవాడు. జట్టు గెలిచేది. సర్టిఫికెట్ మీద కోచ్ దామోదరం. మరునాడు పేపర్లో బహుమతులు పంచిన పెద్దల పేర్లు. మేం సణిగితే సార్ ఒకటే మాట: "పేరు ఎవురిదైతే ఏమప్పా? పిల్లోళ్లు ఆడినారా లేదా?"

అదే ఆయన చేసిన తప్పు. గురువును తప్పుబట్టడం శిష్యధర్మం కాదని తెలుసు. అయినా తప్పే.

హేమావతికి ఐరోపాలో ఒక చిన్న దేశంలోని క్లబ్బు వాళ్లు ఆడుతూ పనిచేసే ఒప్పందం ఇచ్చారు. ఆ దేశం పేరు రాయను. రాస్తే రేపు మా పిల్లల వీసాలకు ఎక్కడ అడ్డం పడుతుందోనని భయం. ఆమె వర్క్ వీసా ఇట్టే వచ్చింది, పతకాలున్నాయి కదా. అక్కడ ఆమె పట్టు చూసి క్లబ్బు వాళ్లు, "ఇది నీకు నేర్పింది ఎవరు, ఆయన్ను పిలిపిద్దాం" అన్నారు. కోచ్ ఉద్యోగం ఇస్తామని సార్‌కు ఆహ్వానం వచ్చింది. ఆ కాగితం నేనే తెలుగులో చదివి వినిపించాను. జీతం ఎంతని ఆయన అడగలేదు. "కోచ్ అని రాసినారా? మళ్లా సదువు" అన్నారు. మళ్లీ చదివాను. పేరు ఎవరిదైతే ఏమన్న మనిషి, ఆ ఒక్క మాటను మళ్లీ మళ్లీ చదివించుకున్నారు. ఆయనకు ఆ దేశం మీద మోజు లేదు. ఏదో ఒక ప్రభుత్వం తనను కోచ్ అని ఒప్పుకుని ముద్ర వేయాలి. ఆయన కోరిక అంతే.

ఆ ఆన్‌లైన్ దరఖాస్తు నింపడం ఒక నరకయాతన. ఏ క్రీడ అని అడిగే చోట గుర్రపు స్వారీ నుంచి మంచు మీద జారే ఆటల దాకా అన్నీ ఉన్నాయి, కబడ్డీ లేదు. 'ఇతరములు' అని పెట్టి పంపాను. కొన్ని వారాలకు తిరస్కరణ వచ్చింది. ఈయన కోచ్‌గా పనిచేసినట్టు ఆధారం లేదట.

సంఘం పెద్దాయన దగ్గరికి ఇద్దరం వెళ్లాం. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి, టీ తెప్పించి, సావధానంగా విన్నాడు. "మునస్వామీ, నువ్వు లేకుంటే ఈ జిల్లాలో ఆటే లేదు. నాకు తెలీదా?" అన్నాడు. నా ప్రాణం లేచివచ్చింది. ఆ వెంటనే, "అయితే ఆ మాట కాగితం మీద ఎట్ల రాసిచ్చేది? అట్ల రాస్తే ఇన్నాళ్లు మేము రాసిందంతా అబద్దమైపోతాది గదా" అన్నాడు. కావాలంటే మైదానం సహాయకుడని రాసిస్తానన్నాడు. సహాయకుడికి ఏ దేశం వర్క్ వీసా ఇస్తుంది? నేను లేచి నిలబడ్డాను. సార్ మాత్రం కూర్చుని టీ పూర్తిగా తాగి, దండం పెట్టి వచ్చారు.

తిరుపతిలో ఒక ఏజెంటు డిప్లొమా, అనుభవ పత్రం, అన్నీ తానే తయారుచేసిస్తానన్నాడు. నేను ఒప్పించబోయాను. సార్ అడ్డంగా తల ఊపారు. "ఆడికి పోయినాక పిల్లోళ్లు అడుగుతారు గదప్పా, యాడ సదివినావు సార్ అని. ఏం సెప్పేది?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. దామోదరం పేరున ఉన్న అబద్ధాలన్నిటికీ గుండ్రటి ముద్రలున్నాయి, ఈయన నిజానికి ఒక్కటీ లేదు. ఈయనేమో పిల్లలు ఏమంటారోనని ఆలోచిస్తున్నారు.

రెండోసారి శిష్యులందరం లేఖలు రాసి జతచేశాం. చెన్నైలో ఇంటర్వ్యూకు పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లారు, నేను బయట కూర్చున్నాను. వచ్చాక ఏమైందని అడిగితే, "అరవం తెలిసిన పిల్ల ఒకామె ఉన్నింది, బాగానే మాట్లాడింది. ఎట్ల నేర్పిస్తావని అడిగినారు. నోటితో సెప్తే వచ్చే పనా అది? సూపిస్తామంటే నడమ అద్దం ఉండాది" అన్నారు. తిరిగి వస్తావా అని కూడా అడిగారట. "కాయల సీజన్ మొదలయ్యేలోగా రావాల గదా" అన్నారట ఈ మహానుభావుడు. కోచ్‌గా వెళ్లేవాడు కాయల సీజన్ మాటెత్తితే ఎవడు నమ్ముతాడు? మళ్లీ తిరస్కరణ. లేఖలు రాసినవారు స్వంత మనుషులు కాబట్టి చెల్లవన్నారు.

అక్కడ ఆటల కాలం దగ్గరపడింది, క్లబ్బుకు కోచ్ లేడు. అప్పుడు సార్ హేమావతికి ఫోన్ చేసి చెప్పిన మాట నేను పక్కనుండి విన్నాను. "దామోదరం కాగితాలు సక్కంగా ఉండాయి. ఆయన్ను పిలిపించుకోండమ్మా. ఆట నేను సెప్తా." ఆ అమ్మాయి అటువైపు ఏడ్చింది. నేను ఇటువైపు కొట్లాడాను. "మీకు సిగ్గుగా లేదా సార్, మీ చోటు ఆయనకిస్తారా" అనేశాను. ఆయన నొచ్చుకోలేదు. "ఆడ మనకోసరం పిల్లోళ్లు కాసుకోనుండారప్పా" అని షిఫ్టుకు వెళ్లిపోయారు.

దామోదరానికి వర్క్ వీసా వచ్చింది. ఒక్క ప్రశ్న లేదు, ఒక్క అదనపు కాగితం లేదు. ఆ తర్వాత జరిగింది చెబితే బయటివాళ్లు నమ్మరు. వాళ్లు అక్కడ సాధన మొదలుపెట్టే వేళకు ఇక్కడ ఫ్యాక్టరీ ప్రహరీ గోడ పక్కన సార్ వీడియో పెట్టుకుని నిలబడేవారు. దామోదరం ఫోను పట్టుకుని కోర్టు చుట్టూ తిరిగేవాడు. "ఆ తెల్ల పిల్లను మోకాలు వంచమను. ఇంగా. ఇంగా వంచమను" అని ఇక్కడి నుంచి అరుపులు. లోపలికీ బయటికీ పోయే మామిడి ట్రాక్టర్ల వాళ్లు ఈయనకేమైనా అయిందా అని చూసేవారు. క్లబ్బు గెలవడం మొదలుపెట్టింది. అంటే వీసా లేకుండానే మా సార్ ఆ దేశంలో పనిచేశారు, జీతం మాత్రం వేరొకరికి వచ్చేది.

దామోదరం మనసు ఎక్కడో కలుక్కుమని ఉండాలి. మూడోసారి దరఖాస్తు పెట్టినప్పుడు ఆయనే లేఖ రాసి సంతకం చేశాడు. ఆ జట్లను తయారుచేసింది తాను కాదు, మునస్వామి అని. తన ఉద్యోగానికే ముప్పు తెచ్చే మాట అది, తెలిసే రాశాడు. సంఘం పెద్దలు చేయలేని పని ఆ మనిషి చేశాడు. దానికి వచ్చిన జవాబే, సార్ పోయిన పూట మైదానంలో నాకు అందిన ఆ మెయిలు. లేఖ రాసిన వ్యక్తే ఆ జట్లకు కోచ్ అని రికార్డులు చెబుతున్నాయి కాబట్టి, ఒకే జట్టుకు ఇద్దరు ఎలా అయ్యారో వివరించాలట. వివరించాల్సిన మనిషి అప్పటికే వెళ్లిపోయారు.

అంత్యక్రియలకు హేమావతి రాలేకపోయింది. ఆమె అనుమతి పత్రం పునరుద్ధరణలో ఉంది, ఇప్పుడు దేశం దాటితే తిరిగి రానివ్వరట. గురువును పోనివ్వలేదు, శిష్యురాలిని రానివ్వలేదు. దామోదరం అక్కడి నుంచి ఫోన్ చేశాడు. "రేపు పొద్దున పిల్లోళ్లు కోర్టు కాడికొస్తారప్పా. నేనేం సెప్పేది వాళ్లకు?" అన్నాడు. పట్టు ఎలా వేయాలో మా అందరికీ తెలుసు. ఎవరికి ఏ పట్టు వస్తుందో, ఏ బిడ్డ భయం ఏ కాల్లో ఉంటుందో చూసే ఆ కన్ను మాలో ఎవరికీ రాలేదు. ఈ జిల్లాలో ఆ చోటు ఖాళీగానే ఉంటుంది. డిప్లొమాలు ఉన్నవారు చాలామంది ఉన్నారు.

సార్ పోయిన ఆ రోజు తిరుపతి ఆసుపత్రికి నేను చేరేసరికి సంపూర్ణమ్మ గారు బెంచీ మీద కూర్చుని ఉన్నారు. మరణ వివరాలు రాసుకునే గుమస్తా పిలిచాడు. ఇద్దరం వెళ్లి ఆయన బల్ల ముందు నిలబడ్డాం. పేరు, వయసు, ఊరు అడిగి రాసుకున్నాడు. "ఏం పని చేసేవాడమ్మా?" అన్నాడు. గుజ్జు ఫ్యాక్టరీ అంటారనుకున్నాను. ఆమె తలెత్తి, "కబడ్డీ కోచ్" అన్నారు. అలవాటుగా నా చేయి, ఎప్పుడూ వెంట ఉండే వీసా కాగితాల సంచిలోకి పోయింది. "ఆధారాలు ఉన్నాయి సార్, లేఖలు తెచ్చినాను" అన్నాను.

ఆయన నావైపు వింతగా చూశాడు. "ఆయమ్మ సెప్తాండాది గదప్పా, దానికి ఆధారమెందుకు?" అని, కోచ్ అని రాసి, ముద్ర వేసి ఇచ్చాడు.

గుమస్తా అన్న ఆ ఒక్క మాట, ఆయన బతికుండగా ఎవరో ఒకరు అని ఉంటే సరిపోయేది కదా.