చిట్టిబొమ్మలావిడ పెద్ద గోడ

వీధిలో అందరూ ఆమెను చిట్టిబొమ్మలావిడ అనేవారు. బొటనవేలి గోరంత చోటులో మనిషి ముఖం వేసి, లాకెట్లో ఇమిడ్చి ఇచ్చేది. పెళ్లికి ముందు నుంచీ అదే పని.

అలాంటి మనిషికి కుడిచెయ్యి వణకడం మొదలైంది. "ప్రాణానికేం ఢోకా లేదమ్మా. కానీ ఈ వణుకు పోయేది కాదు, దాంతోనే సర్దుకుపోవాలి" అన్నాడు డాక్టరు. ఆ సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు. పని ఇవ్వడానికి వచ్చినవాళ్లను కళ్లు మండుతున్నాయంటూ తిప్పి పంపేది. ఒక పెద్దాయన, పోయిన తన భార్య ఫొటో ఇచ్చి బతిమాలితే కాదనలేక కూర్చుంది. పెదవి దగ్గర కుంచె జారింది. ఫొటోలో హాయిగా నవ్వుతున్న మనిషి బొమ్మలో మూతి ముడుచుకుంది. స్నానాలగదిలో కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ వారమే అక్కతో బజారుకెళ్లింది. తిరిగి వస్తుంటే, "మోకాళ్లు పీకేస్తున్నాయే. ఇందులో ఏసీ ఉంది, కాసేపు కూలబడదాం పద" అంటూ అక్క ఒక బొమ్మల ప్రదర్శనలోకి లాక్కుపోయింది.

గోడ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే బొమ్మ. వాన వెలిశాక నది ఒడ్డు. చిట్టిబొమ్మలావిడ అలవాటుకొద్దీ ముక్కు ఆనించినంత దగ్గరికి వెళ్లింది. ఒడ్డూ లేదు, నీళ్లూ లేవు. అరచెయ్యంత వెడల్పు గీతలు, అంచులన్నీ వంకరటింకర. వెనక్కి జరిగింది. మళ్లీ నది!

"ఈ గీతలేంటమ్మా, ఇలా వణికాయి?" అని అక్కడ కాపలా ఉన్నావిడను అడిగింది.

"ఈ బొమ్మ వేసినాయన కర్రకి కుంచె కట్టి వేస్తాడండీ. ఇక్కడే వేశాడుగా, చూశాను. ఇల్లు ఊడ్చినట్టు ఒళ్లంతా ఊపుతాడు."

చిట్టిబొమ్మలావిడ అక్క పక్కన చతికిలబడింది. ఇన్నాళ్లూ దాచింది నోటివెంట వచ్చేసింది. "అక్కా, నా చెయ్యి వణుకుతోందే."

"తెలుసే. టీ ఇచ్చినప్పుడల్లా కప్పూ సాసరూ గలగలలాడుతుంటే నాకు చెవులు లేవా? నువ్వే చెబుతావని ఊరుకున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వేశారు. కాపలా ఆవిడ నోటిమీద వేలు పెట్టింది. అయినా నవ్వు ఆగలేదు.

మర్నాడు ముందుగదిలో మంచం నిలబెట్టి, పాత దుప్పటిని మేకులతో గోడకు బిగించి కొట్టి, సున్నం వేసే బ్రష్‌తో మొదలుపెట్టింది. డాబా మీంచి కనిపించే ఇళ్ల కప్పులూ, వాటి వెనక గుట్టా వెయ్యాలని. సాయంత్రం మొగుడు వచ్చి, "ఏంటిది, గోడకి చెమ్మెక్కిందా?" అన్నాడు. అప్పుడు చెప్పింది, చెయ్యి సంగతి మొత్తం. అతను లోపలికి వెళ్లి, తన మంచి దుప్పటి కూడా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

రెండో దుప్పటి మీద గుట్ట కుదిరింది. చెయ్యి వణికిన చోటల్లా చెట్లు గాలికి ఊగుతున్నట్టున్నాయి. భుజం మాత్రం పచ్చిపుండైంది.

ఇంతలో ఆ పెద్దాయన వచ్చాడు, తన భార్య బొమ్మ అయిందా అంటూ. ఈసారి కళ్లమీద నెపం పెట్టలేదు. "నా చేత కాదండీ, చెయ్యి వణుకుతోంది. చిన్నవి ఇక వెయ్యలేను" అని ఫొటో చేతిలో పెట్టింది. "అయ్యో, ముందే చెప్పకపోయావా తల్లీ" అని ఆయన ఫొటో జేబులో పెట్టుకుని, గోడ మీది గుట్టను కాసేపు చూసి వెళ్లాడు.

తలుపేసి వచ్చేసరికి ఆమెకు జ్వరం దిగినట్టయింది. ఆకలి కూడా వేసింది.